గేటు ముందు ఎత్తిన బరువు

ఇరవై రెండేళ్ల వయసులో నా వీపు నేను గోక్కోలేకపోయేవాణ్ణి. మెడ, భుజాలు, రెక్కలు అంతగా బిగుసుకుపోయి ఉండేవి. చెయ్యి వెనక్కి తిప్పితే సగంలోనే ఆగిపోయేది. స్నానానికి కూర్చుంటే అమ్మ వచ్చి వీపు రుద్దేది. "గింత పెయ్యి పెంచితివి, నీ ఈపు నీకే అందకపాయె" అని నవ్వేది. నాకు అది తిట్టులా కాదు, మెప్పులా వినిపించేది.

మాది ఇస్నాపూర్. చదువుకోమని చిన్నప్పుడే నన్ను సంగారెడ్డిలో మేనమామ ఇంట్లో ఉంచారు. చదువు అబ్బలేదు గానీ, ఆ ఇంటి వెనక సందులో ఒక కుస్తీ తాలీం దొరికింది. మెత్తగా తవ్వి నూనె కలిపిన ఎర్రమట్టి, గోడకు ఆనించిన కర్రలు, మూలన చిన్నా పెద్దా రాతిగుండ్లు. అక్కడ నేర్పే ఉస్తాద్ ఒకప్పుడు పేరున్న పహిల్వాన్. దండీలు, బైఠకులు, గుండు ఎత్తడం తప్ప ఆయన ఇంకేదీ కసరత్తుగా ఒప్పుకునేవాడు కాదు. "పెయ్యి ఇనుము లెక్క ఉండాలె. ఒంగే పెయ్యి ఎందుకు పనికొస్తది?" అనేవాడు. మెట్రిక్ తప్పి ఊరికి తిరిగొచ్చే నాటికి పెద్దగుండును భుజం దాకా తెచ్చేవాణ్ణి. నాకు వచ్చిన విద్య అదొక్కటే.

ఊరికి రాగానే దానికే ఉద్యోగం వచ్చింది. పటాన్‌చెరు వైపు రోడ్డు పక్కన పంపులు పోతపోసే ఫ్యాక్టరీ కొత్తగా లేచింది. మా చెలకలో కొంత దాని గేటుకూ దారికీ పోయింది. భూమి పోయిన ఇంటికి ఒక కొలువు అన్నారు. సెక్యూరిటీ ఆఫీసరు మిలిటరీలో చేసి దిగినవాడు. నన్ను నిలబెట్టి చుట్టూ తిరిగి, జబ్బ నొక్కి చూశాడు. సంతలో ఎద్దును చూసినట్టే చూశాడు. చదువెంత అని అడగలేదు. ఖాకీ బట్టలు ఇచ్చి గేటు దగ్గర నిలబెట్టాడు. అప్పటినుంచి ఫ్యాక్టరీలో అందరికీ నేను పహిల్వాన్‌నే.

ఫ్యాక్టరీలు వచ్చాక మా ఊళ్లో కిరాయి గదులకు గిరాకీ మొదలైంది. మేము కూడా జొన్నలు పోసుకునే ముందు గదిని ఖాళీ చేసి, సున్నం వేయించి, మా ఫ్యాక్టరీ స్టోర్స్‌లోనే గుమాస్తాగా చేరిన ఒకాయనకు ఇచ్చాం. సంగారెడ్డిలో పప్పులు, మిరపకాయలు అమ్మే వ్యాపారుల ఇంటివాడు. అందుకని అమ్మా నేనూ ఆయనను సేటు అనేవాళ్లం. ఆయన నన్ను పటేలా అనేవాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. చిన్నప్పటినుంచి ఉబ్బసం. దుకాణంలో మిరపకాయల బస్తా విప్పితే చాలు, ఊపిరాడక బయటికి పరుగెత్తేవాడట. అందుకే అన్నలు గద్దె మీద కూర్చుంటే ఈయన ఉద్యోగానికి వచ్చాడు. ఉబ్బసం తగ్గడానికే ఆయన పెద్దనాన్న ఒకాయన ఆసనాలు, ప్రాణాయామం నేర్పించాడు.

పొద్దున్నే వాకిట్లో నల్లగొంగడి పరిచి కూర్చునేవాడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నేను రెండో వైపు దండీలు తీస్తూ ఆయనను చూసి నవ్వుకునేవాణ్ణి. ఒకరోజు అడిగేశాను.

"ముక్కు మూసుకొని ఏం చేస్తున్నవ్ సేటు? గట్ల చేస్తే బలమొస్తదా?"

ఆయన నిదానంగా ఊపిరి వదిలి, కళ్లు తెరిచి, "బలం సంగతి నాకు తెల్వదు పటేలా. నువ్వు ఒక్కపారి మోకాళ్లు వంచకుండ కాలి బొటనవేలు ముట్టు, సూస్త" అన్నాడు.

ముట్టలేకపోయాను. చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయి. తొడల వెనక నరాలు తెగిపోతాయేమో అనిపించింది. అమ్మ పొయ్యి దగ్గరినుంచి చూసి పకపకా నవ్వింది. సేటు మాత్రం నవ్వలేదు. "జల్దీ ఏం లేదు. రోజుకు ఇంతంత" అని వేళ్లతో చూపించాడు.

అలా మొదలైంది. మూడేళ్లు సాగింది. నా జీవితంలో ఒంటికి సుఖమంటే ఏమిటో తెలిసింది ఆ మూడేళ్లే. పొద్దున పరగడుపున ఆసనాలు, సాయంత్రం తాలీంలో వాటి కొలతకు చెక్కించి వాకిట్లో పెట్టుకున్న గుండ్లతో బరువులు. ఆయన ఆ రెండింటినీ కలపనిచ్చేవాడు కాదు. గుండు దించిన వెంటనే నడుం వంచబోతే కసిరేవాడు. "జెరసేపు వెల్లకిల పండు. గుండె నెమ్మదించినంక వంగు. బిగిసిన కండను గుంజితే పుటుక్కుమంటది" అనేవాడు. నాకు ఇంకొక పెద్ద జబ్బు ఉండేది. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టేవాణ్ణి. కళ్ల ముందు చీకట్లు కమ్మేవి, ముఖం కందిపోయేది. తాలీంలో అందరం అంతే చేసేవాళ్లం. సేటు ఒకరోజు నా పక్కన నిలబడి, "గుండు మీదికి పోతున్నప్పుడు ఊపిరి బయటికి ఇడువు" అన్నాడు. పదిహేను రోజులు పట్టింది అలవాటు కావడానికి. ఆ నెలలోనే పెద్దగుండు భుజం దాటి తల మీదికి లేచింది. ఉస్తాద్ అన్నేళ్లు చెప్పి చేయించలేనిది, ఎప్పుడూ గుండు ముట్టని మనిషి ఒక్క మాటతో చేయించాడు.

నేను ఆయనకు దండీలు నేర్పాను. మొదటిరోజు రెండు తీసి మూడోదానికి గొంగడి మీద బోర్లా పడిపోయాడు. మణికట్లు వణికేవి. నేను కడుపు కింద చెయ్యి పెట్టి లేపేవాణ్ణి. సంవత్సరం తిరిగేసరికి ఆగకుండా నలభై తీశాడు. ఛాతీ కొంచెం విప్పారింది. చలికాలంలో రాత్రుళ్లు దగ్గు వినిపించడం తగ్గింది. అమ్మ ఇద్దరికీ ఒకే తట్టలో జొన్నరొట్టెలు పెట్టేది. "ఒకడు వంగడు, ఒకడు లేవడు, ఇద్దర్ని కలిపి దంచితే ఒక మనిషి అయితడు" అనేది. నా చెయ్యి నా వీపుకు అందిన రోజు అమ్మను పిలిచి మరీ చూపించాను. ఆమె నా వీపు మీద ఒక్కటి చరిచి, "ఇగ నాకు పని తప్పింది" అంది.

ఒకసారి సంగారెడ్డి వెళ్లినప్పుడు తాలీంలో నా నడుం వంపు చూపించాను. ఉస్తాద్ చూసి ముఖం తిప్పుకున్నాడు. "సర్కస్ల చేరినవా? ఇడిశిపెట్టు గవన్నీ" అన్నాడు. "ఇడిశిపెట్టిన, ఉస్తాద్" అన్నాను. ఇంటికి వచ్చి మర్నాడు పొద్దున మళ్లీ గొంగడి మీద కూర్చున్నాను. ఎవరి ముందు నిలబడితే వాళ్లకు నచ్చే మాట చెప్పడం నాకు అప్పటికే అలవాటు. గండ్రాయి ఎత్తేవాడికి ఎదుటి మనిషి ముఖం చిట్లిస్తే భయమెందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

నాలుగో ఏడు ఎండాకాలంలో ఫౌండ్రీలో కరిగిన ఇనుము ఒలికి ఒక పనివాడి రెండు పాదాలూ కాలిపోయాయి. కాళ్లకు చెప్పుల్లేవు. జాగ్రత్తగా ఉండకపోవడం అతని తప్పేనని కంపెనీ రాసుకుంది. యూనియన్‌వాళ్లు బూట్లు కావాలన్నారు, ఆస్పత్రి ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలన్నారు. ఆ అర్జీలు రాసిపెట్టింది సేటు. గుమాస్తాలు మామూలుగా ఆఫీసు పక్షాన ఉంటారు. ఈయన మాత్రం స్టోర్స్‌లో బూట్ల పెట్టెలు ఉన్నాయని, సర్కారు ఆఫీసర్ల తనిఖీ రోజున తప్ప వాటిని బయటికి తీయరని అందరికీ చెప్పేశాడు. మాటా మాటా పెరిగి సమ్మె మొదలైంది. వాచ్‌మన్లు యూనియన్‌లో చేరకూడదని మాకు ముందే చెప్పి పెట్టారు. పనివాళ్లు గేటు బయట కూర్చున్నారు. నేను గేటు లోపల నిలబడ్డాను.

ఇంట్లో మాత్రం ఇద్దరం ఒకే వాకిట్లో ఉండేవాళ్లం. పొద్దున ఆసనాలు మానలేదు. సమ్మె గురించి ఆయన నన్ను ఏమీ అడిగేవాడు కాదు. పన్నెండో రోజో పదమూడో రోజో, గొంగడి మడుస్తూ అడిగాడు.

"రేపు తయారైన మాలు లారీలల్ల బయటికి తీస్తరంటున్నరు. నిజమేనా పటేలా?"

ఆ సంగతి ముందురోజే ఆఫీసరు మాకు చెప్పాడు. దారికి అడ్డం కూర్చున్నవాళ్లను ఎత్తి పక్కన పెట్టాలని కూడా చెప్పాడు.

"నాకు తెల్వదు సేటు" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "సరే" అన్నాడు. అంతే.

మర్నాడు తొమ్మిదింటికి లోపల లారీలు స్టార్ట్ చేసి పెట్టారు. గేటు బయట యాభై అరవై మంది ఉన్నారు. పోలీసు వ్యాను ఒకటి కొంచెం దూరంలో ఆగి ఉంది. అందరికంటే ముందు, సరిగ్గా గేటు తలుపులు తెరుచుకునే చోట, సేటు పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. వెనక ఉన్నవాళ్లు ఆయనను చూసి వచ్చీరాని మఠాలు వేసుకుని కూర్చున్నారు. ఆఫీసరు చిన్నగేటు తెరిపించి మమ్మల్ని బయటికి పంపాడు. మేము ఎనిమిది మందిమి. ముందు ఎవరూ కదల్లేదు. ఆఫీసరు నా వైపు తిరిగాడు.

"క్యా పహిల్వాన్, దేఖ్‌తే ఖడా హై? ఉఠా ఉస్కో."

ఎత్తెయ్యమన్నది సేటునే. నేను ఆయన వెనకకు వెళ్లాను. వంగి రెండు చంకల కింద చేతులు పోశాను. నా చేతులు తగలగానే ఆయనకు తెలిసిపోయింది. కళ్లు తెరవకుండానే చిన్నగా అన్నాడు.

"పటేలా, ఒక్క నిమిషం ఆగు. కాళ్లు ఇప్పుకుంట."

పద్మాసనంలో ఉన్న మనిషిని ఎత్తకూడదని నాకు తెలుసు. మొదటి నెలలోనే నేను సరదాకు ఆయనను పక్కకు తోయబోతే, నన్ను ఆపి చెప్పాడు. పై మడమను చేత్తో పట్టుకుని ముందు దించాలి, తరువాత రెండోది. కాళ్లు మెలికపడి ఉన్నప్పుడు బరువు పక్కకు పడితే మోకాలు పోతుంది. నేనే వందసార్లు అలా దించుకున్నాను. పది లెక్కపెట్టినంత సేపు పట్టదు.

"జల్దీ కర్" అన్నాడు ఆఫీసరు.

ఊపిరి వదిలాను. ఎత్తాను. పట్టు చక్కగా కుదిరింది. ఈ మాట ఎన్నోసార్లు రాసి కొట్టేశాను, చివరికి ఉంచేస్తున్నాను. ఆ క్షణంలో నాకు జాలి కలగలేదు, సిగ్గు కలగలేదు. ఎంత తేలిగ్గా లేచాడో అనుకున్నాను. అందరూ చూస్తున్నారనుకున్నాను. నాలుగు అడుగులు మోసి, రోడ్డు పక్కన కంకర కుప్ప మీద దించాను. దించాను అని అప్పుడు అనుకున్నాను. అది దించడం కాదు, విసిరెయ్యడం. కాళ్లు మెలికలోనే ఉన్నాయి. కుడి మోకాలి మీద పడ్డాడు. లోపల ఏదో తెగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఆయన అరవలేదు. రెండు చేతులతో కంకరను పట్టుకున్నాడు.

మిగతావాళ్లు ఆయన చుట్టూ మూగారు. దారి తెరుచుకుంది. నేను వెళ్లి గేటు తలుపులు బార్లా తీశాను. లారీలు వెళ్తుంటే అలవాటుగా సెల్యూట్ కూడా కొట్టాను.

ఇంటికి వెళ్లేసరికి అమ్మకు తెలిసిపోయింది. అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చుంది. నేను రెండు ముద్దలు తిన్నాక అడిగింది.

"ఎంత బరువున్నడు బిడ్డా?"

ఆమె లేచి వెళ్లి ముందు గదికి గొళ్లెం పెట్టింది.

మూడో రోజు ఆఫీసరు నన్ను లోపలికి పిలిచాడు. బల్ల మీద ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఉంది. గేటు దగ్గర ఫలానా గుమాస్తా నా మీద చెయ్యి చేసుకున్నాడని, ఆ పెనుగులాటలో తనే జారిపడ్డాడని అందులో రాసి ఉందని చెప్పాడు. "నువ్వు మా మనిషివి గద" అన్నాడు. నాకు ఇంగ్లీషు చదవడం రాదని ఎవరైనా అడిగితే చెప్పుకోవచ్చు. కానీ ఆయన నాకు అర్థమయ్యేలాగే చెప్పాడు. అర్థమయ్యాకే సంతకం చేశాను.

పదిహేను రోజుల తరువాత సంగారెడ్డి వెళ్లాను. అమ్మే పంపింది. "పో. ఆయన తిట్టినా నిలవడి ఇను" అంది. సేటు వాళ్ల దుకాణం వెనక గదిలో మంచం మీద ఉన్నాడు. కుడికాలికి తొడ దాకా పిండికట్టు. పక్కన మిరపకాయల బస్తాలు పేర్చి ఉన్నాయి. మాట మాటకూ దగ్గు వస్తోంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక, గోడకు ఆనుకున్నాడు.

"కూసో పటేలా" అన్నాడు.

నేను కూర్చోలేదు.

"ఒక్కటే అడుగుత. నేను ఆగుమన్నది నీకు ఇనవడ్డదా?"

"ఇనవడ్డది."

ఆయన తల ఊపాడు. "ఇనవడలేదు అంటవేమో అనుకున్న. గప్పుడు నమ్ముదునో ఏమో" అన్నాడు. దిండు కింద నుంచి ఒక కాగితం తీశాడు. కంపెనీ పంపిన చార్జిషీటు. "నేను నిన్ను కొట్టిన్నట గద. ఈ చేతులతోని."

చేతులు ముందుకు చాచి చూపించాడు. ఆ మణికట్లను నేనే గట్టిపరిచాను. ఆఫీసరుతో మాట్లాడి కాగితం వాపసు తీయిస్తానన్నాను. ఆ మాట అన్నప్పుడే అది చెయ్యనని నాకు తెలుసు.

"వద్దు" అన్నాడు. "నా గొంగడి, పుస్తకాలు మీ అమ్మతోని పంపియ్యి. నువ్వు తేకు. దండం పెడుత, ఇగ రాకు."

బయటికి వస్తుంటే దుకాణంలో ఆయన పెద్దన్న తూకం వేస్తూ నన్ను చూశాడు. నేనెవరో తెలియదేమో, "ఏం కావాలె?" అని అడిగాడు. ఏమీ వద్దని చెప్పి బస్సు ఎక్కాను.

సమ్మె ఇంకో నెలకు ముగిసింది. ఫౌండ్రీలో అందరికీ బూట్లు ఇచ్చారు. సమ్మెలో పనినుంచి తీసేసినవాళ్లలో చాలామందిని తిరిగి తీసుకున్నారు. వాచ్‌మన్ మీద చెయ్యి చేసుకున్నాడన్న కేసు ఉన్నందుకు సేటును మాత్రం తీసుకోలేదు. లేబర్ ఆఫీసులో నన్ను సాక్ష్యానికి పిలిచారు. వెళ్లి, సంతకం నాదేనన్నాను. అది నిజమే కదా. ఆ ఏడాది చివర నన్ను హెడ్ వాచ్‌మన్‌ను చేశారు. సేటు మోకాలు సరిగా అతకలేదు. కుడికాలు మడవలేడని, దుకాణంలో అన్నలంతా గద్దె మీద కూర్చుంటే ఈయన ఒక్కడూ ఇనుప కుర్చీలో కూర్చుని పద్దులు రాస్తాడని, దగ్గు మళ్లీ మొదలైందని, గొంగడి ఇవ్వడానికి వెళ్లిన అమ్మ వచ్చి చెప్పింది. చెప్పి, పని చూసుకుంది. ముందు గదిని మళ్లీ కిరాయికి ఇవ్వలేదు. అడిగినవాళ్లకు జొన్నలు పోసుకోవాలని చెప్పేది. జొన్నలు పోయలేదు.

నేను రెండూ కొన్నాళ్లు కొనసాగించాలని చూశాను. బరువులు ఎత్తగలిగాను. ఆసనాలు కుదరలేదు. నడుం వంగేది, కాళ్లు మడతపడేవి, ఒళ్లు ఏదీ మరిచిపోలేదు. కళ్లు మూసుకుని ఊపిరి మీద మనసు పెట్టాలి కదా, అక్కడే ఆగిపోయేవాణ్ణి. అలా కూర్చున్న నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డట్టు అనిపించేది. వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. నెల తిరగకుండానే మానేశాను. కొన్నేళ్లకు నడుం నొప్పి వచ్చింది. డాక్టరు బరువులు కూడా మానెయ్యమన్నాడు.

డెబ్బైల చివర్లో మా ఫ్యాక్టరీకి కొత్త మేనేజరు వచ్చాడు. ఆయనకు యోగా మీద మోజు. ఆదివారం ఆదివారం ఆఫీసర్లను, వాళ్ల ఆడవాళ్లను గెస్ట్‌హౌసు ముందున్న గడ్డిలో కూర్చోబెట్టి ఆసనాలు చేయించాలనుకున్నాడు. నేర్పేవాళ్లు హైదరాబాద్ నుంచి రావాలి, వారం వారం రావడం కుదరదు. మా పాత ఆఫీసరు ఇంకా ఉన్నాడు. నేను ఒకప్పుడు ఆసనాలు వేసేవాణ్ణని గేటు దగ్గర అందరికీ తెలిసిన సంగతే. "మన పహిల్వాన్‌కు అన్నీ వచ్చు సార్" అన్నాడు.

కాదనలేదు. ఎప్పుడు కాదన్నాను గనక. నడుం నొప్పితోనే మొదటి ఆదివారం చేసి చూపించాను. వాళ్లు చప్పట్లు కొట్టారు. గుండు ఎత్తే ఒళ్లు ఇలా వంగడం తామెప్పుడూ చూడలేదన్నారు. మేనేజరు భార్య, "ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగింది. ఖాకీ వేసుకున్నవాణ్ణి మీరు అని పిలిచిన మొదటి మనిషి ఆమె.

"మా తాత నేర్పిండమ్మా" అన్నాను.

మా తాత నేను పుట్టకముందే పోయాడు. రెండేళ్లు ఆ గడ్డిలో నేర్పాను. సేటు చెప్పిన వరుసలోనే, ఆయన వాడిన మాటలతోనే నేర్పాను. అవి తప్ప నాకు వేరే మాటలు రావు. నేను ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. ఆఫీసర్ల ఇళ్లకు పాలు పోసే ఆమె అమ్మకు చెప్పిందట. ఒక ఆదివారం పొద్దున నేను బయల్దేరుతుంటే అమ్మ గడపలో బియ్యం ఏరుతోంది.

"నేర్పనీకె పోతున్నవా?" అంది.

"అవును."

ఆమె తలెత్తలేదు. "నేర్పు" అంది. ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది. "మంచిగ నేర్పు."

సైకిల్ తీసుకుని వెళ్లాను. ఆరోజు పదిహేను మంది వచ్చారు.